తొమ్మిదో నంబరు బస్సు

గ్రిమ్స్‌బీలో ఆ అక్టోబరంతా
వాన అడ్డంగా కురిసింది.
లండన్‌లో బ్యాంకులు ఊగుతున్నాయని
టీవీ అడుగున ఎర్ర పట్టీ పరిగెత్తేది.
చేపల రేవులో కూడా
ఐసు పెట్టెల మీద కూర్చుని వడ్డీల గురించే మాట్లాడేవాళ్ళు.

నేను పేపరాఫీసులో రాత్రి డెస్కు మీద ఉండేదాన్ని.
ఇతరుల వాక్యాలకు గోళ్ళు కత్తిరించడం నా ఉద్యోగం.

తొమ్మిదింటికి డెరిక్ ఒక ఫొటో పట్టుకొచ్చాడు:
హేవెన్ పొదుపు సంఘం తలుపు ముందు
పదిహేడు మంది, గొడుగులు.
అందరికన్నా ముందు నీలం స్కార్ఫు కట్టుకున్న పెద్దావిడ,
పక్కన చక్రాల సంచి.
"ఎందుకు నిలబడ్డారు?" అన్నాను.
"ఈ రోజుల్లో అక్కడ ఎందుకు నిలబడతారు?" అన్నాడు.
ఎడిటర్ గడియారం చూశాడు.
నిప్పు లేనిదే పొగ రాదన్నాడు.

మా రేవు వెనక పొగ గదులున్నాయి.
రాత్రంతా హాడక్ చేపలు వేలాడుతుంటాయి,
కింద రంపపు పొట్టు రాజుకుంటుంటుంది.
మంట లేవబోతే నీళ్ళు చిలకరించి అణుస్తారు.
మంటైతే చేప మాడిపోతుంది,
వాళ్ళకి కావాల్సింది పొగ.
ఈ ఊళ్ళో పుట్టిన ఎడిటర్‌కి
ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఫొటో కింద నేను రాశాను:
"హేవెన్‌లో మన డబ్బు భద్రమేనా?"
అబద్ధం కాదు. ప్రశ్న.
ప్రశ్న మీద ఎవరూ దావా వెయ్యరు.
చివర ఆ కొక్కేన్ని నా చేత్తో నేనే తగిలించాను,
గాలమని తెలిసే.

పొద్దున ఏడింటికి నలభై మంది.
పదింటికి క్యూ చర్చి మలుపు తిరిగింది.
రేడియో మా పేపరు చదివి వినిపించింది,
సాయంత్రం మేం రేడియో చెప్పిందని రాశాం.

కౌంటర్లో జానిస్ అనే అమ్మాయి
తడి స్పాంజి ఎండిపోతే
వేలు నాలుకకి అద్దుకుంటూ నోట్లు లెక్కపెట్టిందట.
ఏ సంఘమూ డబ్బంతా సొరుగులో పెట్టుకోదు.
అది ఊళ్ళో ఎవరెవరి ఇళ్ళకో
గోడలై, కప్పులై నిలబడి ఉంటుంది.
గోడలు పీకి మధ్యాహ్నానికల్లా చేతిలో పెట్టమంటే
ఎక్కణ్ణుంచి తెస్తుంది?
మూడోరోజు తలుపు మూశారు.

తర్వాత తెలిసింది.
నీళ్ళ గొట్టం పగిలి వీధి తవ్వారు,
తొమ్మిదో నంబరు బస్సు స్టాపుని ఆ వారం
సంఘం గుమ్మం ముందుకి జరిపారు.
పదిహేడు మందీ బస్సు కోసం నిలబడ్డారు.

సవరణ వేద్దామన్నాను.
లాయరు నవ్వాడు.
"ఏం సవరిస్తావు? భద్రమేనా అని అడిగావు.
కాదని తేలింది కదా."

అలాగని నోరు మూసుకోవాల్సిందని అనను.
నోరు మూసుకోవడమూ నాకు వచ్చు.
అంతకు కొన్నేళ్ళ ముందు
వేసవి ప్రయాణాల పొదుపు క్లబ్బు ఒకటి మునుగుతోందని
సోమవారమే తెలుసు మాకు.
మూడో పేజీలో వాళ్ళ ప్రకటన ఉందని
శనివారం దాకా ఆగాం.
ఆ ఐదు రోజులూ జనం వాయిదాలు కడుతూనే ఉన్నారు.

డ్యూటీ దిగి తెల్లవారుజామున రేవు మీదుగా వెళ్తుంటే
బెర్నార్డ్ చేపలు కొంటూ కనిపిస్తాడు.
వేలం పాటగాడు ఎంత అరిచినా
మొప్ప ఎత్తి చూడందే వేలు ఎత్తడు.
ఆఫీసు నుంచి ఆ బస్టాపుకి
నడిస్తే నాలుగు నిమిషాలు.

నవంబరులో, బస్సులో, నా పక్క సీట్లో
నీలం స్కార్ఫు.
పేరు మ్యూరియల్ ప్యాడిసన్ అని చెప్పింది.
"పేపర్లో పడింది నేనే. బస్సు కోసమే నిలబడ్డాను.
మర్నాడు ఆ ఫొటో చూసి గుండె ఝల్లుమంది.
అందరూ డబ్బు కోసం నిలబడితే
నేనొక్కదాన్నే పిచ్చిదానిలా బస్సు కోసం నిలబడ్డాను కాబోలనుకున్నాను.
పరుగున వెళ్ళి మళ్ళీ అక్కడే నిలబడ్డాను."

చక్రాల సంచిని మోకాళ్ళ మధ్యకి లాక్కుంది.
ఆ పేపరువాళ్ళని అడిగితే ఫొటో ఇస్తారా అంది,
స్కార్ఫు బాగా పడిందట.
ఇస్తారనుకుంటా అన్నాను.
నా స్టాపు ఇంకా రెండు ఉండగానే
దిగిపోయాను.